మిద్దె మీద ఉన్నవాడు

బైండింగు షాపు మీది గది,
మార్చి మొదట్లో

తమ్ముడూ,

నీ బైబిలు కుట్టంతా విప్పి మళ్లీ కుట్టి కొత్త అట్ట వేశాను. ఈ ఉత్తరం దాని లోపలే పెట్టి పార్సిలు చేస్తున్నాను. అట్టల మీద వేసే నల్ల క్యాలికో గుడ్డ అయిపోతే ముదురు నీలం వేశాను. మీ సంఘంవాళ్లు నీలం రంగు మీద కూడా ఏదో ఒక ప్రవచనం తీస్తారేమో, అది నా పూచీ కాదు.

పుస్తకం కుట్టు విప్పితే దాన్ని చదివే మనిషి బయటపడతాడు. ఎంతమంది బైబిళ్లో నా బల్ల మీదికి వచ్చాయి. కొందరివి కీర్తనల దగ్గర నలిగి ఉంటాయి, కొందరివి సువార్తల దగ్గర. నీది దానియేలు, ప్రకటన, మత్తయి ఇరవై నాలుగో అధ్యాయం. ఆ మూడు చోట్లా కాగితం పాత చీరలా మెత్తబడిపోయింది. మిగతాదంతా నిన్ననే ప్రెస్సులోంచి వచ్చినట్టుంది. కొండ మీద ప్రసంగం దగ్గర రెండు పేజీలు ఇంకా అంటుకునే ఉన్నాయి, నేనే చాకు పెట్టి విడదీశాను. ఇన్నేళ్లుగా నువ్వు ఆ పేజీలు తెరవలేదన్నమాట!

ఆ ఇరవై నాలుగో అధ్యాయం పేరెత్తితేనే నాకెందుకు ఒళ్లు మండుతుందో నీకు తెలుసు. నువ్వు చంకలో పిల్లాడిగా ఉన్నప్పుడు నాన్న నన్ను బడి మాన్పించారు. "ప్రభువు వాకిట్లో ఉన్నాడమ్మా, నువ్వు పరీక్ష రాసేదాకా ఆగడు" అన్నారు. ప్రభువు ఆగాడు. పరీక్షే వచ్చి వెళ్లిపోయింది. నీకు బడి వయసొచ్చేసరికి ప్రభువు వస్తాడని నాన్న చెప్పిన ఏడాది దాటిపోయింది కాబట్టి నువ్వు చదువుకుని లిఫ్టు మెకానిక్కువయ్యావు. నేను మైదా జిగురు కలుపుకుంటూ, బైండింగుకి వచ్చిన చరిత్ర పుస్తకాలు చదువుకుని బాగుపడ్డాను. ఆ అధ్యాయంలో ప్రభువు చెప్పిన నాశనం ఎప్పుడో జరిగిపోయిందని వాటిలోనే తెలుసుకున్నాను. నాన్న బతికుంటే ఈ మాట ఆయన మొహం మీదే అనేదాన్ని. లేరు కాబట్టి నీ మొహాన కొడుతున్నాను.

చిట్టి ఎలా ఉంది? అంత చిన్నపిల్లకి షుగర్ ఏమిటి, పూటపూటా సూదులేమిటి! మరదలికి చెప్పు, నేను పంపిన గౌనుకి పొడవు ఎక్కువైతే మడిచి కుట్టమను.

మీ బావ నిన్ను అడిగానని రాయమన్నాడు. రాశాను.

అక్క

*

లిఫ్టు మోటారు గది, పదంతస్తుల మిద్దె మీద,
మార్చి చివర

అక్కకి వందనాలు,

బైబిలు అందింది. నీలం బాగుంది, చిట్టి దాన్ని ముట్టుకుని "అత్త వాసన వస్తోంది" అంది. జిగురు వాసన అన్నమాట.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనిస్తే కదా? ఉత్తరంలో అయితే నేను పూర్తిచేసేదాకా నువ్వు అడ్డుపడలేవు.

నాన్న నీకు అన్యాయం చేశారు. నేను కాదనను. కానీ నాకు గుర్తున్న నాన్న వేరు. ఆయన పొద్దున్నే నన్ను భుజాల మీద ఎక్కించుకుని మిద్దె మీదికి తీసుకెళ్లేవారు. "ప్రభువు ఏ మబ్బు మీద వస్తాడో నువ్వే కనిపెట్టాలిరా" అనేవారు. నేను ఒక్కో మబ్బూ చూసేవాణ్ని. అంత సంతోషం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదక్కా. ఒకే ఇంట్లో నువ్వు భయం చూశావు, నేను ఎదురుచూపు చూశాను.

కొత్త సంఘం గురించి అడగలేదు, అయినా చెబుతాను. మా పెద్దాయన ఒకప్పుడు బడిలో వ్యాయామం మాస్టారు. కేకలు వెయ్యడు, చందాలు అడగడు. "ప్రభువు పారిపొమ్మన్నాడు, మరి మీకు పారిపోవడం వచ్చా?" అని అడిగాడు ఒక ఆదివారం.  అప్పట్నుంచి ప్రాక్టీసు మొదలైంది. ఒకాయన మోటారు సైకిలు మీద ఊరంతా తిరుగుతూ బూర ఊదుతాడు. అది వినగానే ఎక్కడున్నవాళ్లం అక్కణ్నించే, ఉన్న బట్టలతోనే, రాతిక్వారీ వెనక కొండకి వెళ్లిపోవాలి. ఇంటికి మాత్రం వెళ్లకూడదు. మిద్దె మీద ఉన్నవాడు ఇంట్లోది తీసుకోడానికి దిగకూడదని కదా ఆ అధ్యాయంలో ప్రభువు చెప్పింది.

మొదటిసారి బూర వినిపించినప్పుడు నేను ఈ గదిలోనే ఉన్నాను, చేతినిండా గ్రీజు. నిజంగానే మిద్దె మీద ఉన్నానక్కా! పానా కింద పడేసి మెట్లన్నీ పరుగెత్తుకుంటూ దిగాను. కొండెక్కేసరికి ఊపిరాడలేదు గానీ, ఆ మాట నన్ను చూసే చెప్పాడనిపించింది.

చిట్టి బాగానే ఉంది. షుగర్ అదుపులో ఉంది. ఈసారి పరీక్షలో డాక్టరుగారు మెచ్చుకున్నారు.

తమ్ముడు

*

బైండింగు షాపు,
ఏప్రిల్

తమ్ముడూ,

నీ ఉత్తరం బావకి చదివి వినిపించాను. ఆయన జిగురు కుంచె పక్కన పెట్టి నవ్వాడు. నేను నవ్వలేదు. నువ్వు మిద్దె మీద పనిచేస్తావు కాబట్టి ఆ వచనం నీ కోసమే రాశారా? అలాగైతే అదే అధ్యాయంలో పొలంలో ఉన్నవాడు అన్న మాట రైతులందరూ పంచుకోవాలి, తిరగలి విసిరేవాళ్ల మాట పిండిమరవాడికి ఇచ్చెయ్యాలి.

బుర్ర పెట్టి చదువు. "ఈ తరం దాటకముందే ఇవన్నీ జరుగుతాయి" అన్నాడు. ఎవరితో అన్నాడు? ఎదురుగా కూర్చున్న శిష్యులతో. వాళ్ల తరం దాటలేదు, రోమా సైన్యం వచ్చి యెరూషలేము చుట్టూ దిగింది. గుడి కాలిపోయింది, రాయి మీద రాయి నిలవలేదు. ఆ మాట నమ్మి ముందే ఊరు వదిలి నది దాటినవాళ్లు బతికారని చదివాను. అంటే ఆ హెచ్చరిక ఎవరికి రాసిందో వాళ్లకి అందింది, పని చేసింది. ఆ సీసాలో మందు వాళ్లు తాగేశారురా. నువ్వు ఖాళీ సీసా పట్టుకుని కొండలెక్కుతున్నావు.

ఇక ఆ డ్రిల్లు మాస్టారు. ఈల పోయి బూర వచ్చింది, అంతే తేడా. పిల్లల్ని ఎండలో పరుగెత్తించడం అలవాటైన మనిషికి రిటైరయ్యాక చేతులు ఊరుకోవు మరి.

అదలా ఉంచు. ఒక్కటి అడుగుతాను, నీళ్లు నమలకుండా చెప్పు. మీరంతా చేతులూపుకుంటూ పరుగెడతారు సరే. చిట్టి సూదిమందు ఎవరు పట్టుకుంటారు?

అక్క

*

లిఫ్టు మోటారు గది,
మే మొదట్లో

అక్కకి వందనాలు,

ఆ ప్రశ్న నువ్వు అడగకముందే నన్ను తినేస్తోంది.

ముందు పెద్దాయన సంగతి. ఆయన మందులకి వ్యతిరేకం కాదు. ఆయనే బీపీ మాత్రలు వేసుకుంటాడు. చిట్టిని దగ్గర కూచోబెట్టుకుని "ఈ పూట సూది వేయించుకున్నావా తల్లీ" అని అడుగుతాడు. ఆయన వద్దన్నది ఒక్కటే, బూర మోగాక ఇంట్లోది ఏదీ తేకూడదు. రెండో ప్రాక్టీసుకి కుట్టుపనావిడ ఒకామె సంచీ తెచ్చుకుంది. దుప్పటి, కళ్లజోడు, ఇంటి తాళాలు. ఆయన కోప్పడలేదు. అందరి ముందూ ఆ సంచీ తన భుజానికి తగిలించుకుని కొండ దిగి, ఆమె గుమ్మంలో పెట్టి మళ్లీ ఎక్కి వచ్చాడు. ఆ వయసులో. వచ్చి "ఊరు వదిలి పారిపోతూ లోతు భార్య ఏం తీసుకెళ్లాలనుకుందో మనకి తెలియదమ్మా, వెనక్కి చూసి ఉప్పుస్తంభమైందని మాత్రమే తెలుసు" అన్నాడు. ఆమె ఏడ్చింది. మేమందరం ఏడ్చాం.

నీ మరదలు ఏం చేసిందంటే, చిట్టి గౌన్లన్నిటికీ లోపల ఒక జేబు కుట్టింది. చిన్న సీసా, సిరంజి, రెండు చక్కెర బిళ్లలు. పిల్ల ఒంటి మీద ఎప్పుడూ ఉంటాయి. నాతో చెప్పకుండానే కుట్టింది.  తెలిశాక విప్పెయ్యమనడానికి నోరెలా వస్తుంది? కానీ కొండ మీద అందరం ఖాళీ చేతులెత్తి ప్రార్థన చేస్తుంటే నా బిడ్డ ఒంటి మీద దొంగసొత్తు ఉన్నట్టు ఉంటుంది. దేవుణ్ని మోసం చేస్తున్నామని ఒక పక్క. పిల్లకి ఏమన్నా అయితే అని ఒక పక్క. తిండి సయించడం లేదు. మొన్న లిఫ్టు బ్రేకు షూలు తిరగేసి బిగించాను, ఇన్నేళ్లలో ఎప్పుడూ అలా చెయ్యలేదు.

అంతా అయిపోయిందని మాత్రం మళ్లీ రాయకు. సూర్యుడు నల్లబడ్డాడా? నక్షత్రాలు రాలాయా? ప్రతి కన్నూ ఆయన్ని చూసిందా? బైబిలు చివరి పుస్తకంలో ఇక కన్నీళ్లు ఉండవు, నొప్పి ఉండదు అని ఉంది. అది కూడా అయిపోయిందా అక్కా? అయిపోతే మరి నా కూతురికి రోజూ సూది ఎందుకు గుచ్చుతున్నాను? గుచ్చినప్పుడల్లా అది "ఇంకెన్నాళ్లు నాన్నా" అంటుంది. "కొన్నాళ్లేనమ్మా" అంటాను. అబద్ధం చెబుతున్నానని నువ్వు అంటే నేను బతకలేను.

నువ్వు నాకంటే ఎక్కువ చదివావు. నేను నమ్మినదాని లోపలే నిలబడి ఒక దారి చూపించు. ఆ వచనం దాటకుండా పిల్లకి మందు ఎలా అందుతుంది?

తమ్ముడు

*

బైండింగు షాపు మీది గది,
మే

తమ్ముడూ,

కన్నీళ్లు ఉండవన్న మాట అయిపోయిందని నేను ఎప్పుడూ అనలేదు. అది రావాలి. దాని కోసం నేనూ ఎదురుచూస్తున్నాను, కాకపోతే నీలా పరుగెత్తుకుంటూ కాదు. చిట్టికి నువ్వు చెప్పేది అబద్ధం కాదు. ఇది గుర్తుపెట్టుకో.

ఇక దారి అడిగావు కదా, నీ గీత లోపలే నిలబడి చెబుతాను చూడు. ఇది తట్టినప్పుడు నా వీపు నేనే తట్టుకున్నాను.

ఆ వచనం ఏమంటోంది? ఇంట్లో ఉన్నది తీసుకోడానికి దిగకూడదు. ఇంట్లో ఉన్నది! కొండ మీద ముందే ఉన్నదాన్ని ముట్టుకోవద్దని ఎక్కడుంది? మందు ఇంట్లోంచి తేవద్దు, సరే. తీసుకెళ్లి ముందే కొండ మీద పెట్టు. ఒక పెద్ద మట్టికుండ, లోపల చిన్నకుండ, మధ్యలో తడి ఇసుక, మీద తడిగుడ్డ. బండరాయి నీడలో పెడితే ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. కరెంటు లేనిచోట ఇన్సులిన్ అలాగే దాస్తారని ఒక వైద్యం పుస్తకం కుడుతూ చదివాను. వారానికోసారి వెళ్లి నీళ్లు పోసి, సీసా మార్చు. బూర మోగినప్పుడు చేతులూపుకుంటూ పో. మీ డ్రిల్లు మాస్టారు నిన్ను తలకిందులుగా వేలాడదీసి దులిపినా ఏమీ రాలదు.

బావకి చదివి వినిపిస్తే "అయినా ఒక సీసా పిల్ల దగ్గర కూడా ఉండనిమ్మని రాయి" అన్నాడు. ఆయనకి వాదం తెలియదు పాపం. ఒకటి పిల్ల ఒంటి మీద ఉంచితే నువ్వు మళ్లీ మొదటికొస్తావు, మళ్లీ దొంగసొత్తు అంటావు. నీ మనస్సాక్షి నాకు తెలుసు, దానికి సగం సగం కుదరదు. జేబు విప్పెయ్యమను. కుండ చాలు.

ఇప్పుడు చెప్పు, మీ పెద్దాయన దీనికి ఏ వచనం తెస్తాడో చూద్దాం. తేలేడు.

బళ్లు తెరిచే ముందు పుస్తకాల పని కుప్పలుగా ఉంది. అది అవగానే వచ్చి చిట్టిని ఒక నెల తెచ్చుకుంటాను.

అక్క

*

ఇల్లు, వంటగది బల్ల దగ్గర,
జూన్ మొదట్లో

అక్కకి వందనాలు,

నీ చేతులు కళ్లకద్దుకోవాలనిపించింది. ఉత్తరం నీ మరదలికి చదివి వినిపిస్తే "వదినకి బుర్ర ఉంది" అంది, కానీ మొహంలో సంతోషం లేదు. జేబులు విప్పడానికి రెండు రోజులు తీసుకుంది. అడిగితే కత్తెర మొండిదంటుంది.

కుండ పెట్టాను. నువ్వు చెప్పినట్టే తడి ఇసుక, తడిగుడ్డ. మొన్న ప్రాక్టీసులో చిట్టి నా వేలు పట్టుకుని ఖాళీ చేతుల్తో కొండెక్కింది. పైన బండరాయి కిందికి దూరి తనే సీసా తీసింది, చల్లగా ఉంది. అందరి ముందూ సూది వేశాను. మొదటిసారి నాకు సిగ్గనిపించలేదు. అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ఎన్నాళ్లైందో. ఆరోజు ఇంటికొచ్చి కడుపునిండా తిని పడుకున్నాను.

అందరూ చుట్టూ చేరి "ఈ ఉపాయం ఎవరిది" అని అడిగారు. మా అక్కదని గొప్పగా చెప్పాను. వారం తిరిగేసరికి ఆ బండల నీడన కుండలే కుండలు, డబ్బాలు, మూటలు. కుట్టుపనావిడ దుప్పటి, కళ్లజోడు రెండూ చేరాయి. ఒకాయన రేడియో కూడా పెట్టాడు! నవ్వుకున్నాం. సంఘంలో ఇంత నవ్వు ఈ మధ్య వినలేదు.

పెద్దాయన పైకి వచ్చి అన్నీ చూశాడు. ఒక్కో మూత తీసి, చూసి, మళ్లీ జాగ్రత్తగా పెట్టాడు. చిట్టి కుండ మీది గుడ్డ ఆరిపోతే తనే తడిపాడు. ఒక్క మాట కూడా అనలేదు. నువ్వన్నది నిజమే, ఆయనకి వచనం దొరకలేదు.

ఫోన్లు సంఘానికి ఇచ్చెయ్యాలని అందరం అనుకున్నాం. ఆ రోజున కబురు ఫోన్లో రాదు కదా. నాదీ ఇచ్చేశాను. డ్యూటీ ఫోను ఒకటి ఆఫీసులో ఉంటుంది, అది చాలు.

తమ్ముడు

*

బైండింగు షాపు,
జూన్ చివర

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి నాకు ఒక రోజంతా హుషారుగా ఉంది. రేడియో సంగతి బావకి చెబితే జిగురు డబ్బా తన్నేసుకున్నాడు నవ్వలేక. చూశావా, వచనం తెలిస్తే వచనంతోనే దారి దొరుకుతుంది. నాన్నకి ఎవరైనా ఇలాంటి కుండ ఒకటి చూపించి ఉంటే నేను పరీక్ష రాసేదాన్ని.

ఫోను ఇచ్చెయ్యడం మాత్రం నాకు నచ్చలేదు. పిల్లకి బాగాలేదంటే డాక్టరుకి బూర ఊది చెబుతావా?

ఇంకొకటి. ఆయన ఒక్క మాట అనలేదని సంతోషపడ్డావు. నాన్న కూడా నన్ను బడి మాన్పించే ముందు కొన్నాళ్లు అలాగే ఏమీ అనకుండా, నా పుస్తకాలకి తనే అట్టలు వేసి పెట్టారు. ఎందుకో అది గుర్తొచ్చింది. ఏమీ లేదులే. పని ఎక్కువై తల తిరుగుతోంది. కటింగు మిషను బ్లేడు మొద్దుబారింది, వందల పుస్తకాలు అంచులు కొయ్యకుండా పడి ఉన్నాయి. బడి పుస్తకాల బండి వెళ్లిపోగానే బయల్దేరతాను.

నక్షత్రాలు రాలాయా అని అడిగావు, నేను మర్చిపోలేదు. పాత ప్రవక్తలు ఒక్కో రాజ్యం కూలినప్పుడల్లా సూర్యుడు నల్లబడ్డాడనీ నక్షత్రాలు రాలాయనీ అన్నారు. అది వాళ్లు మాట్లాడే తీరు. వచ్చినప్పుడు ఆ పేజీలన్నీ తీసి చూపిస్తాను, తప్పించుకోలేవు.

అక్క

*

ఇల్లు,
జూలై, వాన పడుతోంది

అక్కకి వందనాలు,

ఆదివారం పెద్దాయన చివరికి మాట్లాడాడు. కోపంగా కాదు. చాలా నెమ్మదిగా. "మిద్దె మీదివాడు ఇంటికి దిగకూడదని ప్రభువు అంటే, మీరు ఇంటినే కొండ మీదికి మోసుకొచ్చారు. ఇక ఆ కొండ కూడా మీకు ఇల్లే" అన్నాడు.  కుట్టుపనావిడ లేచి "వెళ్లి తెచ్చేసుకుంటాం అయ్యగారూ" అంది. ఆయన "వద్దమ్మా, ఎవరూ ముట్టుకోవద్దు. ఎక్కడివి అక్కడే ఉండనివ్వండి" అన్నాడు.

ఉండనివ్వమన్నాడు కదా. అంటే ఒప్పుకున్నట్టే కదా. సమావేశం అయ్యాక చిట్టి తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచాడు.

నీ మరదలు మాత్రం ఇంటికొచ్చిన దగ్గర్నుంచి సూదీ దారం ముందేసుకుని కూచుంది. జేబులు మళ్లీ కుడతానంటుంది. ఎందుకని అడిగితే చెప్పలేకపోతోంది, "నాకు భయంగా ఉంది" అంటుంది అంతే. ఇద్దరం గట్టిగా అరుచుకున్నాం. చిట్టి మధ్యకి వచ్చి నిలబడింది. "అక్క అన్నీ ఆలోచించి రాసింది, కుండ చాలంది" అని నీ ఉత్తరం తీసి చూపించాను. అప్పుడు ఊరుకుంది. సూది పెట్టె మూసేసింది.

నువ్వు వచ్చి ఆమెకి ఒకసారి నచ్చచెప్పు. నీ మాటంటే గురి.

తమ్ముడు

*

ఆసుపత్రి వరండా,
జూలై

అక్కా,

నీ జవాబు రాకముందే రాస్తున్నాను.

నిన్న పొద్దున బూర మోగింది. నేను మిద్దె మీద ఉన్నాను. చిట్టిని బడిలోంచి కుట్టుపనావిడ తీసుకొచ్చింది, నీ మరదలు ఇంటి దగ్గర్నుంచి వచ్చింది. అందరం క్వారీ దగ్గర కలిశాం. అక్కడ వ్యాన్లు ఆగి ఉన్నాయి. వానలో పిల్లలు ఎక్కలేరని తెప్పించారేమో అనుకున్నాను, మంచిపనే అనుకున్నాను. వ్యాన్లు మన కొండ పక్క నుంచే వెళ్లాయి, ఆగలేదు. చిట్టి కిటికీలోంచి వెనక్కి చూస్తూ "నాన్నా, మన కుండ" అంది. నేను డ్రైవర్ని ఆపమన్నాను. ఎవరో స్తుతి మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు, నా గొంతు ఎవరికీ వినపడలేదు. వినపడినా వినపడనట్టున్నారేమో.

చాలా దూరం. అడవి దాటి ఇంకో కొండ. రేకుల షెడ్డు ఒకటి ఉంది. మమ్మల్ని దింపి వ్యాన్లు వెళ్లిపోయాయి. పెద్దాయన కాళ్ల మీద పడ్డాను. ఆయన నన్ను లేపి పట్టుకుని ఏడ్చాడు. నిజంగా ఏడ్చాడక్కా, అందులో నటన లేదు. "అక్కడ నీకు కుండ ఉంది బాబూ. ఇక్కడ దేవుడు తప్ప ఇంకేమీ లేదు. ఒక్కసారైనా అలా నిలబడి చూడు" అన్నాడు. వ్యాన్లు సాయంత్రం వస్తాయన్నాడు. వాగు పొంగింది, రాలేదు.

ఆ సాయంత్రం నేను ఆగాను. నడిచి వెళ్లిపోవాల్సింది, ఆగాను. పిల్ల బాగానే ఉంది, ఆడుకుంటోంది. దేవుడు చూస్తాడనుకున్నాను. ఒక్క పూట నమ్మి చూద్దామనుకున్నాను. తెల్లవారేసరికి దాహం దాహం అని వాంతులు మొదలయ్యాయి. ఊపిరి ఎగబీలుస్తోంది. అప్పుడు ఎవరి మాటా వినలేదు, దాన్ని భుజాల మీద వేసుకుని దిగాను. నీ మరదలు వెనకే జారుతూ, పడుతూ వచ్చింది. ఎవరూ మమ్మల్ని ఆపలేదు. ఎవరూ మాతో రాలేదు. వాగు దగ్గర నడుముల్లోతు నీళ్లు. దాటాను. రోడ్డు మీద రాళ్ల లారీవాడు ఎక్కించుకున్నాడు. లారీలో ఒకసారి కళ్లు తెరిచింది. నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియదు. ఆసుపత్రి గుమ్మంలో డాక్టరు నా చేతుల్లోంచి తీసుకుని "ఎన్ని పూటలు తప్పింది" అని అడిగాడు. చెప్పాను. ఆయన దాన్ని ఎత్తుకుని లోపలికి పరుగెత్తాడు.

చిట్టి పోయింది అక్కా.

నీ మరదలు గోడవైపు తిరిగి కూచుంది. నేను చేసింది నాకు తెలుసు. ఆగింది నేను, ఎక్కించింది నేను, జేబు విప్పించింది నేను. అది నా నెత్తిన ఉంది, ఎవరికీ పంచను. నా గీత లోపలే నిలబడి చెప్పమని నిన్ను అడిగింది కూడా నేనే.

కానీ ఈ వరండాలో కూచుని ఒక్కటే ఆలోచిస్తున్నాను. నేను నమ్మాను అక్కా. బూర నిజమనీ, ఆ మాట నాకే చెప్పాడనీ నమ్మాను, నమ్మి చేశాను. నువ్వు నమ్మలేదు. అవన్నీ ఏనాడో అయిపోయాయనీ, మిద్దె మీద మనిషి ఎప్పుడో చచ్చిపోయాడనీ, నాది ఖాళీ సీసా అనీ రాశావు. నీకు లేని ఆజ్ఞ కదా అది. మరి నా బిడ్డ దగ్గర ఒక సీసా ఉండనిమ్మని బావ అంటే ఎందుకు కాదన్నావు? ఆయనకి వాదం తెలియదని ఎందుకు నవ్వావు?

ఈ కాగితం ఆ లారీవాడి చేతే పంపుతున్నాను, జవాబు రాయకు. ఉత్తరాల్లో నువ్వు చాలా బాగా రాస్తావు. వచ్చి నా మొహం చూసి చెప్పు. పాతిపెట్టడం నువ్వు వచ్చేదాకా ఆపమన్నాను.

తమ్ముడు